హిల్డె గారు

జర్మనీ నుంచి ఉత్తరం వచ్చిన ఆదివారం
ఆరాధన ముగిసి బియ్యం పాట నడుస్తోంది.
ఎసట్లో పోసేముందు ఒక్కో ఇల్లూ పక్కకు తీసిన పిడికెడు
వారానికి గోనెడైంది.
సన్నాలూ, దొడ్డువీ, రేషనువీ కలిసి
ఏ గిన్నెలోనూ ఒక్కతీరుగా ఉడకని బియ్యం.
"ఎనిమిదొందలు, ఒకటోసారి" అని ఫిలేమోను అరుస్తుంటే
అయ్యగారు కవరు తెచ్చి నా చేతిలో పెట్టారు.
సంఘానికి కార్యదర్శిని గదా,
నాకు ఇంగ్లీషు వచ్చని అందరి విశ్వాసం.

మా గంటను పోతపోసిన ఊరు అది.
ఓడెక్కి మద్రాసుకీ, రైలెక్కి గుంటూరుకీ వచ్చిన గంట.
అంచు చుట్టూ ఉన్న అక్షరాల్ని
ప్రతి క్రిస్మస్‌కీ చింతపండు పెట్టి తోముతాం.
ఏం రాసుందో ఎవరమూ అడగలేదు.

"పదకొండు మందిమి మిగిలాం.
గుడిని వెచ్చబెట్టే ఖర్చు ఇక మోయలేం.
ఈ ఈస్టరు ఆరాధనే ఆఖరిది.
కొన్నవాళ్లు లోపల గోడలెక్కడం నేర్పే బడి పెడతారట.
మా బల్లలు మీకేమన్నా పనికొస్తాయా?"
కింద పదకొండు సంతకాలు.
ఒకటి వణుక్కుంటూ కాగితం అంచుదాకా పోయి ఆగింది.

గుడిని వెచ్చబెట్టడమేంటని తబితమ్మ నవ్వింది.
ఫిబ్రవరికే మాడు పగిలే రేకుల ఇల్లు ఆమెది, నల్లచెరువులో.
నవ్వు సగంలో దగ్గయింది.
యార్డులో మిరపకాయల తొడిమలు తీసేవాళ్ల నవ్వు
ఎప్పుడూ అక్కడికే పోతుంది.

పాత రిజిస్టరులో చదివిన సంగతి చెప్పాను:
ఆ ఊరి ఆడవాళ్లు ఒక చలికాలమంతా మేజోళ్లల్లి
అమ్మిన డబ్బుతో మన బడికి పెంకులు కొన్నారని.
ఆ పెంకుల కిందే మా నాయనమ్మ పలక పట్టింది,
అంతకుముందు ఊరి బడి బయట
ఎండలో నిలబడి ఎక్కాలు విన్న పిల్ల.

"అయితే బాకీ ఉన్నాం" అంది తబితమ్మ.
"ఈ వారం గోనె వాళ్లది.
బల్లలు మాత్రం వద్దని రాయి, మనకు చాపలున్నాయి."

బ్యాంకు కుర్రాడు రెండుసార్లు అడిగించుకున్నాడు.
"అక్కణ్నుంచి ఇక్కడికైతే ఫారం ఉందండీ.
ఇక్కణ్నుంచి అక్కడికా..."
తల గోక్కుని మేనేజరు గదికేసి చూశాడు.
మేనేజరు భోజనానికి వెళ్లాడు.
మూడు వారాలు భోజనంలోనే ఉన్నాడు.

ఇక చేసేదేముంది, పేర్లు పంచుకున్నాం.
ఇంటికొక పేరు, రాత్రి ప్రార్థనకు.
క్లౌస్ బర్నబా ఇంట్లో కులాసు అయ్యాడు.
వోల్ఫ్‌గాంగ్ నోరు తిరగక పిల్లలు తాతయ్య అనేశారు.
వణికిన సంతకం తబితమ్మకు వచ్చింది.
హిల్డెగార్డ్, అన్నాను.
"హిల్డె గారు" అంది ఆమె, శుభ్రంగా, విరిచి.
కాదని చెప్పబోయాను.
"పెద్దావిడ. గారు లేకుండా ఎట్టా పిలుస్తాం?"

యార్డు గేటు దగ్గర గానీ, రేషను వరసలో గానీ,
పెద్దాసుపత్రి చీటీ రాసే కిటికీలో గానీ
యాభై ఎనిమిదేళ్లుగా ఎవరూ
తబిత గారూ అని పిలవని తబితమ్మ.

నేనూ అట్లాగే రాసి పంపాను.

ఈస్టరు దాటిన నెలకు కార్డు వచ్చింది.
అంచుదాకా పోయే అదే వణుకు.
"గుడికి కొత్త తాళం వేశారు.
ఆదివారాలు వంటింటి కిటికీ దగ్గర కూర్చుంటున్నాను.
మీ ఉత్తరంలో నా పేరు తప్పు రాశారు.
తప్పేనా? ఆ చివరి మాటకు అర్థమేమిటి?"

మర్యాద అని రాశాను. కొట్టేశాను.
గౌరవం అని రాస్తే
సన్మానసభలో దండల వాసన వేసింది.
కార్డు పట్టుకుని యార్డుకే వెళ్లాను.
మధ్యాహ్నం రెండు, కళ్లు మండుతున్నాయి,
తబితమ్మ కాయల కుప్ప ముందు
ముక్కుకు కొంగు కట్టుకుని కూర్చుంది.
తొడిమ తీస్తూ, తలెత్తకుండానే,
"కుర్చీ వేసే మాటని రాయి" అంది.

అక్కడే, గోతం మీద కాగితం పెట్టి రాశాను.
కవరుకు కాస్త కారం అంటింది.
తుడవలేదు.